గేటు దగ్గర తనిఖీ మేలా, ముందే అందే సమాచారం మేలా?

చెన్నై సెంట్రల్‌లో విజయవాడ బండి అందుకోవాలని సంచులతో పరుగెత్తే మన తెలుగువాళ్లకు స్కానర్ దగ్గర వరుస విసుగే. అయినా రైళ్ల భద్రతకున్న రెండు దారుల్లో అది ఒకటి. 2004 మార్చి 11న మాడ్రిడ్ లోకల్ రైళ్లలో పేలిన బాంబులు 190 మందికి పైగా బలిగొన్నాయి. స్పెయిన్‌లో దూరప్రయాణ రైళ్ల సామాన్లకు స్కానింగ్ ఉంది, లోకల్ రైళ్లకు లేదు. దాడి జరిగింది వాటిలోనే! మన సబర్బన్ రద్దీలోనూ ప్రతి సంచినీ స్కాన్ చేయడం కుదరని పని.

రెండోది, దేశాల పోలీసులు సమాచారం పంచుకోవడం. ఐరోపా రైల్వే పోలీసుల కూటమి రైల్‌పోల్ 2004లోనే ఏర్పడింది. దీనికీ లోపముంది. 2015 ఆగస్టులో పారిస్ వెళ్లే థాలిస్ రైల్లో కాల్పులకు దిగిన వ్యక్తి గురించి స్పెయిన్ ముందే ఫ్రాన్స్‌ను హెచ్చరించింది. అయినా అతడు బ్రస్సెల్స్‌లో తుపాకీతో ఎక్కాడు. అడ్డుకున్నది ప్రయాణికులే.

నా మొగ్గు మాత్రం రెండోదానికే. 2014 మే 1న సెంట్రల్‌లో పేలుళ్లు జరిగింది బెంగళూరు నుంచి అప్పుడే వచ్చిన గువాహటి ఎక్స్‌ప్రెస్‌లో. ఒక యువతి ప్రాణం పోయింది. చెన్నై గేటు దగ్గర ఎంత వెతికినా, మరో ఊరి నుంచి వచ్చే బోగీలో ఏముందో తెలియదు. డబ్బు పరిమితమైతే మరో స్కానర్ కొనేముందు తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర రైల్వే పోలీసులు ఒకే సమాచారాన్ని ఒకేసారి చూసే ఏర్పాటుకు ఖర్చు పెట్టాలి.