జాగ్రత్త: నిజమైన పెళ్లికి దొంగ సాక్ష్యాలు తయారుచేసి అమ్ముతున్నారు

భార్యకో భర్తకో స్పౌజ్ వీసా కోసం దరఖాస్తు చేసుకునేవాళ్లు, 'సాక్ష్యాల ప్యాకేజీ' అంటూ కన్సల్టెన్సీలు అమ్మే సేవను కొనేముందు ఇది చదవండి. మేము కొన్నాం. డబ్బు పోయింది, అయినా అది చిన్న నష్టం. ఏ లోపమూ లేని మా పెళ్లిని కాగితాల మీద బూటకపు పెళ్లిలా తయారుచేసి, దాని కింద మా చేతే సంతకం పెట్టించబోయారు. అసలు ప్రమాదం అదీ.

మొదటి ఫోన్‌లో మాట తీరు ఎంతో మర్యాదగా ఉంది. "మీ పెళ్లి నిజమని మాకు తెలుసు మేడమ్, ఆఫీసరుకు తెలియాలి కదా" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఫోటోలు, చాట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ప్రయాణాల టికెట్లు మొత్తం పంపేస్తే చాలన్నారు. వాటిని పేర్చడం, సాక్షుల అఫిడవిట్లు (ప్రమాణ పత్రాలు) రాయించడం, ఫారాలు నింపి ఆన్‌లైన్‌లో సమర్పించడం, అన్నింటి బాధ్యతా తమదేనన్నారు. ఈ 'బాధ్యత' సంగతి మళ్లీ చెబుతాను.

సమర్పించే ముందు ఫైలు మొత్తం ఒకసారి చూపించమని మావారు అడిగారు. క్లయింట్లకు ఫైలు చూపించే పద్ధతి తమకు లేదట! మన పెళ్లి గురించి మన పేరుతో వెళ్లే కాగితాలు మనమే చూడకూడదట! గట్టిగా పట్టుబడితే, చివరికి ఒక రాత్రి పీడీఎఫ్ పంపించారు. ఉదయాన్నే సమర్పిస్తున్నామని కింద ఒక వాక్యం.

ముందు ఫోటోల సంగతి. మేము పంపినవాటిలో సగానికి పైగా బంధువుల మధ్య, స్నేహితుల మధ్య తీసినవే. వాళ్లు అందరినీ కత్తిరించి మా ఇద్దరినీ మాత్రమే ఉంచారు. ఒక ఫోటోలో మావారి భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది. ఉంగరం ఉన్న నాలుగు వేళ్లు, వాటి వెనక మనిషి లేడు. ఆ చెయ్యి మా ఆడపడుచుది. కుటుంబం మమ్మల్ని దంపతులుగా అంగీకరించిందని చెప్పే ఫోటో అది, ఆమెను తీసేస్తే దానికి విలువేముంది? పైగా కొన్ని ఫోటోల మూలన తేదీలు అచ్చు వేశారు. మా ఫోను తేదీలు వేయదు. వేసిన తేదీల్లో ఒకటి, మేమిద్దరం వేర్వేరు దేశాల్లో ఉన్న వారంలోది. పాస్‌పోర్టు మీది ముద్రలు అదే ఫైలులో పది పేజీల తరువాత ఉన్నాయి. చూసే అధికారికి రెండూ పక్కపక్కన పెట్టడం ఎంతసేపు?

ఇక సంఖ్య. వందలకొద్దీ ఫోటోలు నింపితే ఫైలు బలంగా ఉంటుందని వాళ్ల నమ్మకం, బహుశా పేజీల లెక్కన రుసుము వసూలు చేసే అలవాటు కూడా. స్పౌజ్ దరఖాస్తుకు జతచేయాల్సిన పత్రాల కెనడా చెక్‌లిస్టు ఫోటోలను 20కి పరిమితం చేసింది. అడిగింది అంతే. పరిచయమైన నాటి నుంచి ఇప్పటిదాకా, వేర్వేరు సందర్భాల్లో, వేర్వేరు మనుషుల మధ్య ఉన్నవి కొన్ని ఎంచుకుని, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని ఒక్కో వాక్యం రాస్తే సరిపోతుంది. ఒకే రోజున తీసిన వంద ఫోటోలు ఒక్క రోజుకే సాక్ష్యం.

అఫిడవిట్లు చూసినప్పుడు మాత్రం నాకు నిజంగా ఒళ్లు మండింది. మా బాబాయి, మావారి స్నేహితుడు, నా సహోద్యోగి, ముగ్గురి పేర్లతో మూడు ఉన్నాయి. మూడింటిలోనూ ఒకే పేరా, అక్షరం పొల్లుపోకుండా. "వీరిది ఆదర్శ దాంపత్యం, ఒకరికోసం ఒకరు పుట్టారు" అనే ధోరణి. ఒకే చోట ఒకే అక్షరదోషం కూడా మూడింటిలోనూ ఉంది! బాబాయి మా పెళ్లికి వచ్చి ఆశీర్వదించినట్టు రాశారు. ఆయన ఆ రోజు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ కాగితం మీద ఆయన సంతకం పెట్టి ఉంటే, తెలియకుండానే ఒక ప్రభుత్వానికి ప్రమాణపూర్వకంగా అబద్ధం చెప్పినవారయ్యేవారు. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లల కోసం ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతారు, ఈ కన్సల్టెన్సీలు బతికేది దానిమీదే.

సాక్షి నుంచి అధికారులు కోరేది పొగడ్త కాదు. భార్య లేదా భర్త కోసం అమెరికాలో పెట్టే ఐ-130 దరఖాస్తుకు ఇచ్చే అఫిడవిట్‌లో సాక్షి తన పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, స్థలంతో పాటు, ఈ పెళ్లి గురించి తనకు ఎలా తెలిసిందో వివరంగా చెప్పాలి. సాక్షి నింపే ఆస్ట్రేలియా ఫారం 888 కూడా అంతే: ఈ జంట మీకు ఎలా తెలుసు, వీళ్ల బంధం నిజమని ఎందుకు నమ్ముతున్నారు. బాబాయి చివరికి తన సొంత మాటల్లో రాసిచ్చారు. పెళ్లికి రాలేకపోయానని, తరువాత మేము ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఏ విషయం మీద గొడవపడ్డామో కూడా. ఆ గొడవ అవసరమా అని మావారు కాస్త నసిగారు. నేను తీయనివ్వలేదు.

ఎందుకంటే చాట్లలో వాళ్లు చేసిన పని కూడా గొడవలు తీసేయడమే. మా సంభాషణల్లోంచి శుభోదయాలు, శుభరాత్రులు, హృదయాల బొమ్మలు ఏరి పేజీల కొద్దీ పేర్చారు. కరెంటు బిల్లు కట్టావా, అత్తయ్య మందులు తెచ్చావా, జీతం పడగానే ఇంటద్దె పంపు, నిన్న ఎందుకు ఫోను తీయలేదు, ఇవన్నీ పోయాయి. కాపురం కనిపించేది వీటిలోనే కదా! మధ్యలో కోసేసిన చాట్‌లో తేదీలు గెంతుతాయి, ప్రశ్న ఉండి జవాబు ఉండదు. ఏదో దాస్తున్నారని చూసేవాళ్లకు అనిపించక మానదు. నెలకు ఒకటి రెండు పేజీలు, పైన తేదీ కనిపించేలా, ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వండి.

ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవమని కూడా సలహా ఇచ్చారు. తెరవడం తప్పు కాదు. దరఖాస్తుకు ముందు తెరిచి, ఒక్క లావాదేవీ లేకుండా ఉంచితే అది ఏమీ రుజువు చేయదు. ఏళ్లుగా ఒకరి ఖాతా నుంచి ఇంకొకరికి వెళ్లిన డబ్బు, బీమా పాలసీలో నామినీగా భాగస్వామి పేరు, ఒకే చిరునామాకు ఇద్దరి పేర్ల మీద వచ్చిన ఉత్తరాలు, కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు, వీటికి బరువు ఎక్కువ. ఆస్ట్రేలియా నిబంధనలు దీన్ని నాలుగు వైపుల నుంచి చూస్తాయి: ఆర్థిక విషయాలు, ఇంటి నిర్వహణ, నలుగురిలో గుర్తింపు, పరస్పర నిబద్ధత. మీరు ఏ దేశానికి వెళ్తున్నా మీ కాగితాలను ఈ నాలుగు కుప్పలుగా విడదీసి చూడండి, ఎక్కడ ఖాళీ ఉందో తెలిసిపోతుంది. ఉద్యోగాల వల్ల విడివిడిగా ఉన్న కాలం ఉంటే దాన్ని పూడ్చడానికి కాగితం పుట్టించకండి. ఎందుకు విడిగా ఉన్నారో ఒక ఉత్తరంలో చెప్పండి.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది ఫారంలో దొరికింది. మావారికి గతంలో ఒక సందర్శక వీసా తిరస్కరణ ఉంది. ఆ సంగతి మేము ముందే చెప్పాం. ఫారంలో 'ఎప్పుడైనా వీసా తిరస్కరించారా' అన్న ప్రశ్నకు 'లేదు' అని నింపారు. అడిగితే, అది రాస్తే కేసు బలహీనపడుతుందట. పాత తిరస్కరణ ఉన్నంత మాత్రాన స్పౌజ్ వీసా పోదు. దాన్ని దాస్తే మాత్రం పోతుంది. తప్పుడు వివరాలు ఇచ్చారని తేలితే కెనడా 5 ఏళ్లపాటు ప్రవేశానికి అనర్హులుగా ప్రకటిస్తుంది. ఆస్ట్రేలియాలో నకిలీ పత్రాలు, తప్పుడు సమాచారం దొరికితే 3 ఏళ్లు. అమెరికాలో అయితే కావాలని చెప్పిన అబద్ధం జీవితాంతం వెంటాడుతుంది, మినహాయింపు కోసం వేరే దరఖాస్తు పెట్టుకుని పోరాడాలి. ఏజెంటు నింపాడు, మాకు తెలియదు అంటే సాధారణంగా చెల్లదు. చివరి పేజీలో సంతకం మనది. వాళ్లు తీసుకుంటామన్న బాధ్యత ఇదీ.

పోనీ ఆ కన్సల్టెన్సీ పేరు దరఖాస్తులో ఎక్కడైనా ఉందా అని వెతికాను. లేదు. మేమే స్వయంగా నింపినట్టు ఉంది. డబ్బు తీసుకుని దరఖాస్తు నడిపే ప్రతినిధి పేరు చెప్పడానికి కెనడాలో ఐఎంఎం 5476, అమెరికాలో జి-28, ఆస్ట్రేలియాలో 956 ఫారాలు ఉన్నాయి. వాటిలో తన పేరు, నమోదు సంఖ్య రాయడానికి వెనకాడేవాడికి మీ ఫోటో ఒక్కటి కూడా పంపకండి. ఇలాంటి సలహాదారులను నమోదు చేసే సంస్థలున్నాయి: కెనడాకు కన్సల్టెంట్ల కాలేజీ, ఆస్ట్రేలియాకు ఓమారా, బ్రిటన్‌కు ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ. వాటి జాబితాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. అమెరికా విషయంలో లైసెన్సు ఉన్న న్యాయవాది గానీ, న్యాయశాఖ గుర్తించిన ప్రతినిధి గానీ అయి ఉండాలి. గోడ మీద తగిలించిన జెండాలు, విమానం బొమ్మలు లైసెన్సు కావు.

డబ్బు వాపసు అడిగితే, ఫైలు తెరిచాక రుసుము తిరిగి రాదని ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని చూపించారు. ఫిర్యాదు ఇచ్చాం, తేలలేదు. సమర్పణ ఆపించి, కాగితాలు వెనక్కి తెచ్చుకుని, మా దరఖాస్తు మేమే తయారుచేసుకుంటున్నాం.

మీరు ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీ కొని ఉంటే ఈరోజే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. దరఖాస్తు ఖాతా ఎవరి ఈమెయిల్ మీద తెరిచారో చూడండి. వాళ్ల ఈమెయిల్ అయితే అధికారులు పంపే ఉత్తరాలు మీకు చేరవు, జవాబు గడువులు మీకు తెలియకుండానే దాటిపోతాయి. ఒరిజినల్ వివాహ ధ్రువపత్రం, పాస్‌పోర్టులు వాళ్ల దగ్గర ఉంటే రసీదు రాయించుకుని వెనక్కి తీసుకోండి. ఫైలు మొత్తం కాపీ తెప్పించుకుని ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ప్రతి పేజీ చదవండి, ముఖ్యంగా సాక్షుల మాటలు, 'అవును–కాదు' ప్రశ్నలు. అప్పటికే సమర్పించి ఉండి, అందులో అబద్ధం కనిపిస్తే, అధికారులు అడిగేదాకా ఆగకండి. లైసెన్సు ఉన్న న్యాయవాదిని కలిసి, ఏది తప్పుగా వెళ్లిందో, అసలు నిజమేమిటో లిఖితపూర్వకంగా ముందే తెలియజేయండి.