7 ఏళ్లు, 1,20,000 కిలోమీటర్లు: ఎడమకు ఒరిగిన నా కారు

మైలేజీ, ఏసీ, సీట్ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాల్సింది సస్పెన్షన్ గురించే, అంటే చక్రాల మీద బాడీని మోసే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల సామాను గురించి. పోయిన వానాకాలం నుంచి సంక్రాంతి దాకా నా కారు ఎడమపక్కకు ఒరిగే నడిచింది. కారణం దొరికేలోపు ఐదు నెలలు గడిచాయి, 14,000 రూపాయలు పోయాయి. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ముందుగా గమనించింది మా అమ్మ. వాకిలి ఊడుస్తూ "కారు ఓ దిక్కు ఒరిగినట్టున్నది, సూడు బిడ్డా" అన్నది. వాకిలే ఎత్తుపల్లంగా ఉందనుకున్నాను. నల్లగొండలో పెట్రోలు బంకు కాంక్రీటు మీద ఆపి చూస్తే అక్కడా అంతే. నా బరువు వల్ల అనుకుందామంటే నేను కూర్చునేది కుడిపక్క. నాలుగు టైర్లకూ గాలి సరిచేయించాను, డిక్కీ ఖాళీ చేశాను. తేడా అలాగే ఉంది.

మొదటి వర్క్‌షాపు వాళ్లు వెనక ఎడమ మూల దిగి ఉందని చూసి, వెనక షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు. దేవరకొండ దారిలో మాకు బత్తాయి తోట ఉంది. వెనక సీటు మడిచి బస్తాలు వేసుకొచ్చే మాట నిజమే కాబట్టి తప్పు నాదేననుకుని ఒప్పుకున్నాను. రెండూ మార్చి 7,400 తీసుకున్నారు. కుదుపు కొంచెం తగ్గింది గాని కారు ఒరుగు అట్లాగే ఉంది. రెండో చోట వెనక స్ప్రింగులు జతగా మార్చి, చక్రాల వరస సరిచేసే అలైన్‌మెంట్ కూడా చేసి 6,600 బిల్లు వేశారు. వెనక భాగం మొత్తం లేచింది, కారు మాత్రం ఎడమకే ఒరిగి ఉంది. ఈ రెండు చోట్లా ఒక్కరూ టేపు పట్టి కొలవలేదు. నా బాధంతా అక్కడే.

చివరికి మిర్యాలగూడలో లారీల కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు) చేసే ఒక పెద్ద భాయ్ దగ్గరికి పోయాను. ఆయన మొదటి మాటే "షాకబ్జర్ బరువు మొయ్యదన్నా. ఊగకుండ పట్టుకుంటది, అంతే. మోసేది స్ప్రింగు" అన్నాడు. ఆ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా 7,400 మిగిలేవి.

పక్కనే ఉన్న రైస్‌మిల్లు కాంటా మీదికి కారు ఎక్కించమన్నాడు, నేల సమానంగా ఉంటుందని. చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టాడు. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా కూడా లెక్కలో కలుస్తాయి, ఇట్లా కొలిస్తే కలవవు. ముందు ఎడమ 361 మిల్లీమీటర్లు, కుడి 372. వెనక ఎడమ 377, కుడి 388. కారు తిప్పి నిలబెట్టి మళ్లీ కొలిచినా అవే అంకెలు. అంటే నేల తప్పు కాదు.

ముందూ 11, వెనకా 11. నాకు తల తిరిగింది, రెండు చోట్లా పోయిందా అని. భాయ్ మంచం లెక్క చెప్పాడు. కారు బాడీ గట్టి పెట్టె, మధ్యలో మెలి తిరగదు. ఒక్క మూల స్ప్రింగు కుంగినా ఆ పక్క పొడుగునా వంగినట్టే కనబడుతుంది, కోడు ఒకటి కురచైన మంచంలాగ. అందుకే కొలత ఒరుగుడు ఎంతో చెబుతుంది గాని ఏ మూలదో చెప్పదు. వెనక ఎడమ దిగి ఉందని వెనక సామాను మార్చినవాళ్లు బోల్తాపడింది సరిగ్గా ఇక్కడే.

మూల తేల్చడానికి ఆయన చేసిన పని ఎంత తేలికో! వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ముందు క్రాస్‌మెంబర్ (కారు కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం) నడిమధ్యన జాకీ పెట్టి రెండు ముందు చక్రాలూ గాలిలోకి లేచేదాకా ఎత్తాడు. ఇప్పుడు ముందు భాగం ఒకే చుక్క మీద నిలబడి ఉంది, అది కారును ఏ పక్కకూ నెట్టదు, ఒరగకుండా ఆపదు. వెనక స్ప్రింగుల సత్తా ఒక్కటే కనబడుతుంది. మళ్లీ వెనక కొలిస్తే రెండు పక్కలా సమానం. "ఎనక మంచిగనే ఉన్నది. రోగం ముంగట ఉన్నది" అన్నాడు. అట్లా ఒక్క జాకీ మీద ఉన్నప్పుడు మాత్రం కారు కిందికి ఎవరూ దూరకండి, ఆయన కూడా దూరలేదు.

ముందు ఎడమ చక్రం ఊడదీసి, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే స్తంభం) మీద గట్టిపడిన మట్టి గీకితే బయటపడింది. స్ప్రింగు అట్టడుగు చుట్టు విరిగి, ముక్క స్ప్రింగు అడుగున ఉండే గిన్నెలోనే కూర్చుని ఉంది. విరిగిన చోట ముప్పాతిక భాగం పాత తుప్పు, అంచున మాత్రం మెరుపు. పగులు ఎప్పటిదో అన్నమాట. నిలబడి ఉండగా స్టీరింగు తిప్పితే "టంగ్" మని మోగడం నేను నెలలుగా విన్నాను, మౌంటింగ్ రబ్బరు అనుకుని వదిలేశాను. టైరు లోపలి గోడ మీద విరిగిన కొన గీసిన గాటు చూసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. అదే టైరుతో నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద పిల్లలను కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు పోయానో.

ముందు స్ప్రింగులు జతగా మార్చడానికి 6,900 అయింది, ఆ టైరు వేరే. కొలిస్తే తేడా ఇంకా 6 ఉంది. ఒక పక్క లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయి) బోల్టులు ఎవరో చక్రం వేలాడుతుండగానే బిగించి ఉంటారని, దాని కీలులోని బుష్ రబ్బరు మెలిపడిపోయి ఆ పక్కను పైకి ఎత్తి పట్టుకుని ఉంటుందని భాయ్ అనుమానం. కారు నేల మీద నిలబెట్టి బోల్టులు వదులు చేసి, నాలుగుసార్లు ఊపి మళ్లీ బిగించాడు. తేడా 3కి వచ్చింది. దాన్ని పట్టించుకోవద్దన్నాడు. ఎత్తు కుదిరాకే అలైన్‌మెంట్ చేయించాను, అంతకుముందు చేయించింది దండగే.

కొన్న రెండేళ్లకు ఈ కారు సస్పెన్షన్‌కు వంక పెట్టలేమని అప్పట్లో నేనే చెప్పాను. తారు రోడ్డు మీద ఆ మాట ఇప్పటికీ నిలబడుతుంది. కానీ స్ప్రింగు అడుగు గిన్నెలో మట్టి చేరితే నీళ్లు పోవడానికి దారి చాలదు, మా తోట బాట లాంటి చోట అది చిన్న లోపం కాదు. పైగా కొత్త స్ప్రింగులు పాతవాటికంటే బిరుసుగా ఉన్నాయి. ఒకప్పుడు నేను పొగిడిన ఆ మెత్తదనం కొంత పోయింది, స్పీడ్ బ్రేకర్ దగ్గర అమ్మ నడుం పట్టుకుంటోంది.

హైదరాబాదులో ఆఫీసుకు పోయి వచ్చేవాళ్లకు ఈ కారు కొనుక్కోమనే చెబుతాను. రోజూ మట్టి బాట మీద బస్తాలతో తిరిగే నాలాంటివాళ్లకు చెప్పాలంటే కొంచెం ఆగుతాను. నేనైతే అమ్మడం లేదు, ఇంజన్ మీద నాకు ఫిర్యాదు లేదు, ఇప్పుడు కొత్తది కొనే స్తోమతా లేదు. నాలుగు మూలల కొలతలు కాగితం మీద రాసి డాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను. వానలు పడ్డాక తోట నుంచి వచ్చినప్పుడల్లా నీళ్ల పైపు ముందుగా పట్టేది ఆ స్ప్రింగు గిన్నెల మీదికే.