ముఖం చూసి హాజరు వేసే యంత్రం: ఒక పత్తి సీజను వాడిన తర్వాత

యంత్రానికి ఐదుకు నాలుగు మార్కులు. దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్‌కు రెండు. తెచ్చి, బిగించి, వెళ్లిపోయిన మనిషికి ఒకటి, అదీ మర్యాదగా మాట్లాడినందుకు.

వరంగల్ నుంచి నర్సంపేట వెళ్లే దారిలో, పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాను. కాటా చిట్టీలు, బేళ్ల లెక్క, కూలీల హాజరు నా పని. యంత్రం కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే సరుకును పెట్టె రంగు మార్చి వేరే పేర్లతో కూడా అమ్ముతుండగా చూశాను కాబట్టి పేరు తెలిసినా మీకు పెద్దగా కలిసొచ్చేది ఉండదు.

మొన్న అక్టోబరులో, సీజను మొదలయ్యే ముందు మా సేటు దీన్ని తెప్పించారు. యంత్రం 11,500 రూపాయలు. సాఫ్ట్‌వేర్‌కు మనిషికి నెలకు 30 రూపాయలు. సీజనులో మా దగ్గర 84 మంది ఉంటారు: చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, హమాలీలు, దూదిని నొక్కి బేళ్లు కట్టే ప్రెస్సు మీద పనిచేసే బిహార్ కుర్రాళ్లు. మూడేళ్ల కిందట వేలిముద్ర యంత్రం పెట్టి చూశాం. 170 కిలోల బేళ్లు దొర్లించే హమాలీల వేళ్ల మీద గీతలు మిగలవు. పది మందిలో నలుగురిని అది గుర్తించేది కాదు. ఆ యంత్రం ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాస్తోంది.

ఆ లెక్కన ఇది చాలా మేలు. హమాలీ అయినా, అరవై ఏళ్ల పెద్దమ్మ అయినా గుర్తుపడుతుంది. రాత్రి షిఫ్టులో మసక వెలుతురులోనూ తడబడలేదు. దాని శత్రువు దూది నూగు. మిల్లులో గాలి నిండా అదే. రెండు గంటలకోసారి కెమెరా అద్దం మీద పొరలా పేరుకుంటుంది. ఒక్క క్షణంలో గుర్తింపు అని అట్టపెట్టె మీద రాసి ఉంది. అద్దం తుడిచిన అరగంట వరకు అది నిజమే. పైగా మా ఆడవాళ్లు నూగు పడక ముక్కుకు కొంగు చుట్టుకుని పనిచేస్తారు. యంత్రం మళ్లీ ప్రయత్నించమని ఇంగ్లీషులో చెబుతుంది. ఒక అక్క దానికి తెలుగులో జవాబు చెప్పేది, ఇక్కడ రాయడం కుదరదు. యంత్రాన్ని లోపలి గోడ నుంచి తీసి గేటు దగ్గర వాచ్‌మన్ గదికి మార్చాక ఈ గోల సగం తగ్గింది. కొనేవాళ్లు బిగించే చోటు ముందే చూసుకోండి.

నేనే దాన్ని మోసం చేయడానికి ప్రయత్నించాను. ఫోనులో ఒకరి ఫొటో తీసి చూపిస్తే ఒప్పుకోలేదు. మెచ్చుకున్నాను. మొదటి వారంలోనే ఇంకో సంగతి బయటపెట్టింది. ఒక మేస్త్రీ ముఠాలో పదకొండు పేర్లకు తొమ్మిది ముఖాలే తేలాయి. మిగిలిన రెండు పేర్లకు నా పుస్తకంలో రెండు సీజన్లు కూలీ పోయింది. రాసింది నేనే. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఇక సాఫ్ట్‌వేర్. నవంబరు నెల కూలీ పట్టీ తీశాక ఒక అక్క నా బల్ల దగ్గరికి వచ్చి, ‘సార్, నేను ఒక్క రోజు కూడా మానలేదు కదా, మీరే చూశారు కదా’ అంది. నిజమే, మానలేదు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితం అయినప్పటి నుంచి వాళ్ల ఊరివాళ్లు ఆటో మానేసి బస్సుకే వస్తున్నారు. దిగి, గేటు వరకు నడిచేసరికి ఎనిమిది దాటి ఆరో ఏడో నిమిషాలవుతుంది. యంత్రం ఐదు నిమిషాల వరకు ఊరుకుంటుంది. ఆరో నిమిషం నుంచి అరగంట కోత. ఆ నెలలో ఆమెకు అలా పద్నాలుగు రోజులు. అన్నీ కలిపినా ఆలస్యమైంది గంటన్నర. కోత పడింది ఏడు గంటలు, అంటే దాదాపు ఒక రోజు కూలీ. అదే సాయంత్రం పని ముగిశాక ఇరవై ఐదు నిమిషాలు ఎక్కువ ఉంటే? సున్నా. అరగంట నిండితేనే లెక్క. రావడానికి ఒక కొలత, పోవడానికి ఒక కొలత. అదనపు గంటలకు రెట్టింపు కూలీ అని చట్టం చెబుతుంది. ఆ అదనపు గంటే పుట్టకుండా సాఫ్ట్‌వేర్ చూసుకుంటోంది.

సేటును అడిగాను. ఆయనకు తెలియదు. బిగించినతన్ని అడిగితే, అది కంపెనీ నుంచే అలా వస్తుందని, అందరూ అలాగే ఉంచుకుంటారని అన్నాడు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. మా మిల్లులో కూలీ కోసే నియమం ఒకటి పెట్టారు. దాన్ని సేటు పెట్టలేదు, నేను పెట్టలేదు, కూలీలను ఎవరూ అడగలేదు. ఎక్కడో ఎవరో ఒక గడిలో 30 అని కొట్టి వదిలేసిన అంకె 84 మంది మీద నెల రోజులు పెత్తనం చేసింది. మార్చడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. ఇప్పుడు పదిహేను నిమిషాల వరకు కోత లేదు, సాయంత్రం నిమిషానికి నిమిషం లెక్క. సేటు కాసేపు గొణిగారు కానీ ఒప్పుకున్నారు. నవంబరు కోతను డిసెంబరులో కలిపి ఇచ్చాం.

నా హాజరు పుస్తకంలో చివర ఒక గడి ఉండేది, రిమార్కులు అని. బిడ్డకు జ్వరం, వానకు వాగు పొంగింది, నేనే బజారుకు పంపాను, ఇలాంటివన్నీ అందులో రాసేవాణ్ని. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి లేదు. సెలవుల రకాలు ఆరు ఉన్నాయి, ఆరూ మా కూలీలకు లేని సెలవులే. జనవరి 28 నుంచి 31 వరకు మేడారం జాతర వచ్చింది. జాతర ఏడాది మిల్లు మూయలేం, మనుషులను ఆపలేం. ముందే కూర్చుని ఎవరు ఎప్పుడు వెళ్లాలో రాసుకుంటాం. పుస్తకంలో ‘మేడారం’ అని రాస్తే చాలు, సీజను చివరి బోనసుకు ఆ రోజులు అడ్డు రావు. యంత్రం మాత్రం సమాచారం లేకుండా గైర్హాజరు అని రాసుకుంది. వరుసగా మూడు రోజులు కనిపించనివాళ్ల పేర్లు తనంతట తానే పక్కన పెట్టేసింది. సోమవారం పొద్దున వాళ్లు వచ్చి నా చేతిలో బంగారం ముక్క (మేడారం బెల్లాన్ని అలాగే అంటాం) పెట్టి, గేటు దగ్గర ముఖం చూపిస్తే, మీరెవరో తెలియదంది.

పుస్తకాన్ని మరీ పొగడకూడదు. ఆ గడిలో దయ ఉండేది, కానీ కలం నా చేతిలో ఉండేది. నాతో గొడవపడినవాళ్లకు కూడా అంతే దయ చూపానా అని యంత్రం వచ్చేదాకా నేను ఆలోచించలేదు. పాత పుస్తకాలు తిరగేస్తే, కొందరి పేర్ల పక్కన ఆ గడి ఎప్పుడూ ఖాళీయే.

పెట్టిన తీరు గురించి కూడా చెప్పాలి. ముఖాలు నమోదు చేసిన రోజు గోడకు ఒక ఇంగ్లీషు నోటీసు కాగితం అంటించారు, అంతే. చాలామంది ఆడవాళ్లు ఎండాకాలం ఉపాధి హామీ పనికి వెళ్లి వచ్చినవాళ్లు. అక్కడ 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో తప్పనిసరి. ఫొటో ఎక్కకపోతే కూలీ పడదని వాళ్లకు తెలుసు. అందుకే ఇక్కడ కెమెరా చూడగానే బెదిరారు. నేను భోజనాల వేళ కూర్చోబెట్టి తెలుగులో, బిహార్ కుర్రాళ్లకు నాకొచ్చిన హిందీలో చెప్పాల్సి వచ్చింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. అందులో కావాలంటే ఆ నోటీసు తెలుగులోనూ చదువుకునే వీలు ఉండాలని ఉంది. అయితే అదే చట్టం ఉద్యోగ అవసరాలకు కార్మికుడి సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వెసులుబాటు కూడా ఇచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన భాగాల అమలుకు మాత్రం పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. అంతవరకు మనకు మనమే అడగాలి.

అడిగాను. సీజను ముగిసి ప్రెస్సు కుర్రాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు, వాళ్ల ముఖాలు ఎక్కడున్నాయని. క్లౌడ్‌లో, అంటే ఎక్కడో ఇంటర్నెట్ కంప్యూటర్లలో ఉన్నాయన్నాడు బిగించినతను. తీసేయండి అంటే, నిలిపివేయడమే తప్ప తీసేసే మీట మా వైపు లేదన్నాడు.

సిబ్బందికి ఇచ్చే ఫోను యాప్ అయితే కొననే వద్దు. నాకూ, సూపర్‌వైజరుకూ వేశారు. పని వేళల తర్వాత కూడా మనం ఎక్కడున్నామో రాసుకుంటుంది. ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు నేను భద్రకాళి గుడి దగ్గర ఉన్నానని సోమవారం సేటు కంప్యూటర్లో చుక్క కనిపించింది. ఆయన నవ్వి, ‘నా పేరు మీద కూడా అర్చన చేయించావా?’ అన్నారు. ఆ సాయంత్రమే ఇద్దరం యాప్ తీసేశాం.

వచ్చే అక్టోబరుకు ఏడాది నిండుతుంది, మళ్లీ డబ్బు కట్టాలి. కడదామని సేటుకు చెప్పాను, రెండు షరతులతో: రిమార్కుల గడి ఉండాలి, వెళ్లిపోయినవాళ్ల ముఖాలు తీసేసే మీట మా చేతిలో ఉండాలి. బిగించినతను కంపెనీని అడిగి చెబుతానన్నాడు. మూడు వారాలైంది. ఈలోగా యంత్రం కింద మేకుకు దారం కట్టి హాజరు పుస్తకాన్ని వేలాడదీశాను. కలం ఇప్పుడు అందరికీ అందుతుంది, ఎవరి రిమార్కు వాళ్లే రాసుకుంటున్నారు. నిన్న ఒకరు ‘యంత్రం అద్దం తుడవలేదు’ అని రాశారు.