బ్రిటన్‌లో ఇంటి పైకప్పు పని: చలికాలంలోనే చేయించాలా, వసంతం దాకా ఆగాలా?

మన ఊళ్లలో ఇల్లు కప్పించుకోవడానికి ఒక కాలం ఉంది. ఎండల్లో పాత తాటాకు దించి కొత్తది కప్పుతారు, పగిలిన పెంకులు మారుస్తారు, మృగశిర కార్తె వచ్చేలోగా పని ముగించుకుంటారు. బ్రిటన్‌లో ఆ లెక్క నడవదు. ఇక్కడ వాన లేని నెల అంటూ లేదు. పాత టెర్రస్ ఇల్లు (పక్క ఇళ్లతో గోడలు కలిసిన వరుస ఇల్లు) కొనుక్కున్న తెలుగు కుటుంబానికి నవంబరులో పడకగది సీలింగ్ మీద తడి మచ్చ కనబడితే మూడు దారులు ఉంటాయి. పని వెంటనే మొదలుపెట్టి వాన తెరిపినిచ్చిన రోజుల్లో చేయించడం ఒకటి. ఇంటి మీద తాత్కాలిక కప్పు వేయించి దాని కింద చేయించడం రెండోది. ప్రస్తుతానికి మరమ్మతు చేయించి, అసలు పని ఏప్రిల్‌లో పెట్టుకోవడం మూడోది.

ఈ మూడింటిలో ఏది మేలో క్యాలెండర్ చెప్పదు, పైకప్పు కింద ఉండే అటక చెబుతుంది. పగటి పూట అటకలోకి ఎక్కి, దీపం ఆర్పి చూడండి. వాసాల మధ్య నుంచి సన్నగా వెలుతురు కనబడితే పెంకుల కింద నీటిని ఆపే పొర లేదని, లేదా చిరిగిపోయిందని అర్థం. విక్టోరియా కాలపు ఇళ్లలో చాలావాటికి మొదట ఆ పొరే లేదు, వాసాలపై రీపర్లు (సన్నని కొయ్య పట్టీలు), వాటిపై స్లేటు పలకలు, అంతే. తరువాతి కాలపు ఇళ్లలో తారు పూసిన ఫెల్ట్ ఉంటుంది కానీ గట్టర్ (వాన నీటి కాలువ) దగ్గర, చూరు అంచున, అది ముందుగా కుళ్లుతుంది. పొర గట్టిగా ఉంటే నాలుగు పలకలు జారినా ఇల్లు చలికాలం గట్టెక్కుతుంది. పొర లేకపోతే ఒక్క పలక జారినా నీరు నేరుగా సీలింగ్ మీదికి దిగుతుంది. వాసాలను కూడా వేలితో నొక్కి చూడండి. మెత్తబడిన కొయ్య వసంతం దాకా ఆగదు.

తెరిపి చూసుకుని చేయించే దారికి మొదటి అడ్డంకి వెలుతురు. డిసెంబరు నెలాఖరులో లండన్‌లో పగలు 8 గంటలు కూడా ఉండదు, ఎడింబరోలో దాదాపు 7 గంటలే. ఏప్రిల్ చివరికి లండన్‌లో అది 14 గంటలు దాటుతుంది. అంటే చలికాలంలో ఒక రోజు పని ఇంచుమించు సగం రోజు పనే. దానికి మంచు పట్టి జారే పలకలు, గాలి తోడవుతాయి. వాతావరణం ప్రమాదకరంగా ఉంటే ఎత్తులో పని చేయించకూడదని 2005 నాటి నిబంధనలు చెబుతాయి. కాబట్టి 'గాలి ఎక్కువగా ఉంది, ఈ రోజు రాము' అన్న పనివాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు, వాళ్లు తమ పని సరిగా చేస్తున్నారు. మన బాధ వేరే చోట ఉంది: వాళ్లు రాని రోజుల్లో కూడా స్కాఫోల్డింగ్ (పనివాళ్లు నిలబడే పరంజా) అద్దె పెరుగుతూ ఉండవచ్చు.

సిమెంటు సున్నం పనులు ఈ కాలంలో అసలు వద్దు. ఆరకముందే చలికి అందులోని నీరు గడ్డకడితే ఆ మోర్టార్ పొడిపొడిగా రాలిపోతుంది. అయితే ఒక మంచి మార్పు వచ్చింది. కప్పు శిఖరాన ఉండే కొప్పు పెంకులను ఒట్టి మోర్టార్‌తో అంటించి వదలకూడదని, క్లిప్పులతోనో స్క్రూలతోనో బిగించాలని 2015 నుంచి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5534 అడుగుతోంది. మోర్టార్ లేకుండా బిగించే పద్ధతులు అందువల్ల మామూలయ్యాయి. ఆ పద్ధతిలో చేస్తే చలి అంత పెద్ద ఆటంకం కాదు. చిమ్నీ ఇటుకల సందులు పూడ్చే పని మాత్రం వసంతానికే ఉంచండి.

ఈ దారి ఎంచుకుంటే పనివాడిని ఒకే మాట అడగండి: సాయంత్రానికి కప్పగలిగినంత మేరే విప్పుతావా? మంచి పనివాడు వాలులో ఒక భాగం విప్పి, అదే రోజు కొత్త పొర పరచి, రీపర్లు కొట్టి దిగుతాడు. కొత్త పొర కొద్ది రోజుల వానను ఆపగలదు. మొత్తం కప్పు ఒకేసారి విప్పి టార్పాలిన్ కప్పుతానన్నవాడిని డిసెంబరులో నమ్మవద్దు.

తాత్కాలిక కప్పు నిశ్చింతనిచ్చే దారి, దానికి తగ్గట్టే ఖరీదైనది. స్కాఫోల్డింగ్‌ను ఇంటికంటే ఎత్తుగా లేపి పైన రేకులు పరుస్తారు. కింద వాన, మంచుతో సంబంధం లేకుండా పని సాగుతుంది. ఖర్చు వేల పౌండ్లలో ఉంటుంది. ఆ రేకులు గాలిని పట్టుకుంటాయి కాబట్టి దానికి ఇంజనీరు డిజైన్ ఉండాలి. 2022 ఫిబ్రవరి 18న వచ్చిన యూనిస్ తుఫానులో వైట్ దీవి దగ్గర నీడిల్స్ వద్ద గాలి గంటకు 122 మైళ్ల వేగం అందుకుంది, లండన్‌లో ఓ2 అనే వినోద కేంద్రపు గుమ్మటం పైకప్పు చిరిగింది. అటువంటి గాలి తరువాత స్కాఫోల్డింగ్‌ను మళ్లీ తనిఖీ చేయించాల్సిందే. మామూలు పెంకుల మార్పిడికి ఇంత ఖర్చు దండగ. వాసాలే మార్చాల్సి వచ్చినా, అటకను గదిగా మార్చే పని కలిసివచ్చినా, కింద పసిపిల్లలతో కాపురం ఉన్నా దీనికి పెట్టిన డబ్బు వృథా కాదు.

ఇక ఆగడం. పొర గట్టిగా ఉన్న ఇంటికి నేను చెప్పే సలహా ఇదే. బ్రిటన్ మొత్తం మీద సగటున తక్కువ వాన పడేది వసంతంలోనే, వేసవిలో కాదు. కానీ ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. జారిన పలకలను సీసపు పట్టీలతో మళ్లీ నిలబెట్టించాలి, గట్టర్లలో ఆకులు తీయించాలి, చిమ్నీ చుట్టూ సీసపు రేకు లేచిందేమో చూపించాలి. జనవరిలోనే మంచి పనివాళ్లతో మాట్లాడి తేదీ ఖాయం చేసుకోవాలి. ఎండ వచ్చాక అందరూ వాళ్ల కోసమే వెతుకుతారు.

ఆగేవారు ఇంటి బీమాను గుర్తుంచుకోవాలి. బీమా తుఫాను నష్టానికి చెల్లిస్తుంది, పాతబడి అరిగిన దానికి చెల్లించదు. బీమా సంస్థల సంఘం నిర్వచనంలో తుఫాను గాలి అంటే గంటకు 55 మైళ్లకు తగ్గని గాలి విసురు. కారుతోందని తెలిసీ వదిలేస్తే చిక్కు మీకే. చేయించిన మరమ్మతు రసీదులు, తేదీలతో ఫొటోలు దాచుకోండి.

చాలామంది తలచుకోని సంగతి మరొకటి ఉంది. అటకలో గబ్బిలాలు ఉంటే వసంతం, వేసవి మీ చేతిలో ఉండవు. బ్రిటన్‌లో అన్ని జాతుల గబ్బిలాలకూ చట్టరక్షణ ఉంది. అవి లేని సమయంలోనైనా వాటి నెలవును చెడగొట్టడం నేరం. వేసవిలో తల్లి గబ్బిలాలు పిల్లలను పెంచే చోటైతే పనికి అనుమతించే నెలలు శరదృతువు, చలికాలం వైపు జరగవచ్చు. రెట్టలు కనబడితే పని మొదలుపెట్టక ముందే గబ్బిలాల సంరక్షణ ట్రస్టు హెల్ప్‌లైన్‌కు ఫోను చేయండి. చూరులో పిచ్చుకలు గూడు పెట్టి పిల్లలతో ఉన్నా పని ఆపాల్సిందే. ఆ ప్రాణుల ఇల్లు కూడా అదే.

వంటగది వెనుక ఉండే చదును కప్పుల సంగతి త్వరగా చెప్పవచ్చు. ఫైబర్‌గ్లాస్ రెసిన్‌కు పొడి, కాస్త వెచ్చదనం రెండూ కావాలి. 5 డిగ్రీల లోపు చలిలో అది సరిగా గట్టిపడదు. రబ్బరు షీటు జిగురుకూ అంటించే చోటు పొడిగా ఉండాలి. దీనికి వసంతమే మేలు.

ఏ దారి ఎంచుకున్నా ఒప్పందంలో రెండు మాటలు రాయించుకోండి: వాన రోజుల స్కాఫోల్డింగ్ అద్దె ఎవరిది, పని మధ్యలో నీరు లోపలికి వస్తే బాధ్యత ఎవరిది. ఇంగ్లండ్‌లో కప్పు సగానికి మించి మారుస్తుంటే భవన నిబంధనల అనుమతి, దానితోపాటు ఇన్సులేషన్ (ఇంటి వేడిని నిలిపే పొర) పెంపు కూడా సాధారణంగా అవసరమవుతాయి. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి. తుఫాను మర్నాడు తలుపు తట్టి 'మీ కొప్పు పెంకు లేచింది' అన్నవారికి అడ్వాన్సు ఇవ్వకండి. ఇంటి దగ్గర సంతకం చేసిన ఒప్పందాన్ని, మీరే పిలిపించిన అత్యవసర మరమ్మతు కాకపోతే, 14 రోజుల్లోగా రద్దు చేసుకునే హక్కు మీకు ఉంది.