పొరుగు దేశాన్ని ఎవరి కళ్లతో చూడటం మేలు?

ఖాట్మండూ వెళ్లొచ్చినప్పటి నుంచి అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు: "వాళ్లు మనకంటే బీదవాళ్లేనా?" జవాబు అడిగేవాళ్ల జేబును బట్టి మారిపోతోంది.

మణికొండలో మా అపార్ట్‌మెంట్‌నే చూడండి. మూడో అంతస్తు అంకుల్ వాళ్లు రెండుసార్లు నేపాల్ వెళ్లారు. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. మన రూపాయికి అక్కడ 1.60 నేపాలీ రూపాయలు వస్తాయి, 1993 నుంచీ అదే రేటు. "పది వేలిస్తే పదహారు వేలు చేతిలో పెట్టారమ్మా" అని ఇప్పటికీ సంబరంగా చెబుతారు. ఆయనకు నేపాల్ అంటే చవక.

కింద గేటు దగ్గరుండే వాచ్‌మన్‌ది పశ్చిమ నేపాల్. అతనికీ ఆ 1.60 కంఠతా వచ్చు. జీతం పడగానే చిన్న నోట్‌బుక్ తీస్తాడు. ఎడమ పక్క 8,000, కుడి పక్క 12,800. దాని కింద పాప బడి ఫీజు, అమ్మ మందులు, అప్పు మీద వడ్డీ. చివర్లో మిగిలేది చాలాసార్లు సున్నా. అక్కడ బియ్యం బస్తా రేటు కూడా ఆ లెక్కనే పెరిగి ఉంటుందంటాడు.

ఈ ఇద్దరిలో నేను నోట్‌బుక్‌నే నమ్ముతాను. ఇలా బయటి నుంచి వెళ్లే డబ్బే నేపాల్ జీడీపీలో దాదాపు నాలుగో వంతు. హోటల్ గదిలోంచి అది కనపడదు. అలాగని వాచ్‌మన్‌కు అంతా తెలుసనీ అనను. ఖాట్మండూలో ఖరీదైన షాపులుండే వీధి దర్బార్ మార్గ్‌లో షోరూమ్‌లు ఎవరివని అడిగితే "పెద్దవాళ్లవి" అని ఊరుకున్నాడు.

తలసరి ఆదాయంతో పోల్చేవాళ్లూ ఉన్నారు. మన దేశంలో పై 10 శాతం మందికే 57 శాతం ఆదాయం పోతోందని 2022 ప్రపంచ అసమానతల నివేదిక చెప్పింది. ఇక ఆ సగటు ఎవరిది?

నా వరకు అసలు కొలత ఆస్పత్రి. శ్రీలంక 2022లో అప్పు కట్టలేక చేతులెత్తేసింది కాబట్టి మనవాళ్లు దాన్ని దివాలా దేశమంటారు. కానీ అక్కడ చదువు 1945 నుంచి ఉచితం, సర్కారు ఆస్పత్రుల్లో వైద్యమూ ఉచితమే. సగటు ఆయుర్దాయం మనకంటే సుమారు ఐదేళ్లు ఎక్కువ. మా ఇంట్లో పనిచేసే ఆమె తన భర్త ఆపరేషన్ కోసం పుస్తెలు తాకట్టు పెట్టింది. నేను ఫోన్లో ఎవరికో శ్రీలంక గురించి చెబుతుంటే గిన్నెలు తోమడం ఆపి వింది.

"నిజంగా డబ్బులు కట్టక్కర్లేదా అక్కా?"

కట్టక్కర్లేదన్నాను. 2022లో మందులు దొరక్క అక్కడి జనం అల్లాడిపోయారని కూడా చెప్పాను.

"ఇప్పుడు దొరుకుతున్నాయా మరి?" అని అడిగింది.