అంబాసిడరా, ప్రీమియర్ పద్మినీయా?

ఇంట్లోనే పాత కారు బాగుచేద్దామనుకునే హైదరాబాదీలకు నా సలహా: చోటుంటే అంబాసిడర్, లేకపోతే పద్మిని.

పద్మిని ఫియట్ 1100 సంతతి, 1089 సీసీ ఇంజిన్. పొడవు నాలుగు మీటర్ల లోపే, కాబట్టి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనూ చుట్టూ తిరిగి పని చేసుకోవచ్చు. అంబాసిడర్ అంతకంటే పెద్దది, బరువు. కానీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైంది. పద్మిని అంతకు చాలా ముందే ఆగిపోయింది. ఆ తేడా సికింద్రాబాద్ రాణిగంజ్‌లో విడిభాగాల కోసం తిరిగితే తెలుస్తుంది.

రెండిటికీ అసలు శత్రువు తుప్పే. వీటికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. అందుకే పెయింట్ మెరుపు చూసి మురిసిపోవద్దు. మ్యాట్లు ఎత్తి, ఫ్లోర్‌నూ తలుపుల కింది అంచులనూ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఇంజిన్ మళ్లీ కట్టించుకోవచ్చు. కుళ్లిన ఫ్లోర్‌కు మంచి వెల్డర్ దొరకడమే పెద్ద టెన్షన్.

కాగితాలు కూడా ముఖ్యమే. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయిస్తే, 2021 నిబంధనల ప్రకారం రోజువారీగా నడపకూడదు. ఆఫీసుకు వెళ్లాలనుకుంటే ఆర్సీ చెల్లుబాటులో ఉన్న 90ల బండే చూసుకోండి.