బంతి, ఆటోగ్రాఫ్: మార్చిలో అరిజోనాకా, సీజన్‌లో మన ఊరి స్టేడియానికా?

డల్లాస్ వైపు ఉండే మనవాళ్ళు పిల్లల్ని బేస్‌బాల్‌కి తీసుకెళ్ళే ముందు ఇదే అడుగుతుంటారు: ఆటగాళ్ళు ప్రేక్షకులవైపు విసిరే బంతి, వాళ్ళ సంతకం ఎక్కడ తేలిగ్గా దొరుకుతాయి అని. సీజన్‌కి ముందు, మార్చిలో పెద్ద లీగ్ జట్లు సగం అరిజోనాలో, సగం ఫ్లోరిడాలో సాధన చేస్తూ ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఆడతాయి.

ఖర్చు: ఊళ్ళో అయితే టికెట్, పార్కింగ్‌తో సరిపోతుంది. అరిజోనా అంటే విమానం, హోటల్ కూడా.

ఆటోగ్రాఫ్: అరిజోనాకి పోటీయే లేదు. ఫీనిక్స్ చుట్టుపక్కల 10 స్టేడియాల్లో 15 జట్లు సాధన చేస్తాయి, ఆటగాళ్ళు కంచె పక్కనుంచే నడిచి వెళ్తారు, ఆట మధ్యలోనే బయటికి వచ్చేసిన పెద్ద ఆటగాళ్ళు కూడా కొందరు ఆగి సంతకం పెడతారు. సీజన్‌లో అంత తీరిక వాళ్ళకుండదు.

బంతి: సీజన్‌లోనూ దొరుకుతుంది, గేట్లు తెరవగానే లోపలుండాలి. అప్పటికి ఎక్కువగా అవతలి జట్టే ప్రాక్టీస్‌లో ఉంటుంది కాబట్టి వాళ్ళ టోపీ పెట్టుకుంటే మీవైపు విసిరే అవకాశం పెరుగుతుంది.

రిస్క్: బంతి వేగంగా వస్తుంది, చిన్నపిల్లలుంటే ఎక్కడైనా సరే కళ్ళు తిప్పొద్దు. బంతిమీద సంతకానికి రెండుచోట్లా నీలిరంగు బాల్‌పెన్ తీసుకెళ్ళండి, మార్కర్ ఇంకు బంతి తోలులోకి పాకి సంతకం అలుక్కుపోతుంది.

బంతి చాలనుకుంటే, పిల్లలు మరీ చిన్నవాళ్ళైతే ఊళ్ళోనే వెళ్ళండి. అభిమాన ఆటగాడి సంతకమే కావాలి, మార్చిలో సెలవు దొరుకుతుంది అంటే మాత్రం, ఆ జట్టు ఫ్లోరిడాలో కాకుండా అరిజోనాలోనే ఉంటుందో లేదో చూసుకుని టికెట్లు తీసేయండి.